తాతయ్య పుట్టిన ఇంటిపేరే కాబోయే అల్లుడి ఇంటిపేరు అయితే?

పేరు, ఊరు రాయవద్దంటూ హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. వయసు 48, బ్యాంకు ఉద్యోగం. తన ఇంటిపేరు వెనక చరిత్ర ఏమిటో తెలుసుకోవాలని ఆయన కొన్నాళ్లుగా తిరుగుతున్నారు. కృష్ణా జిల్లాలోని సొంతూళ్లో పెద్దవాళ్లను అడిగి, పాత పాస్‌పుస్తకాలు, పంపకాల కాగితాలు చూసి, ఏడు తరాల వంశవృక్షం గీశారు. దాన్ని ప్రింటు తీయించి బంధువులకు పంచారు కూడా.

ఈ మధ్య ఊళ్లో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే తాతయ్య ట్రంకు పెట్టె అడుగున స్టాంపు కాగితాల మీద రాసిన ఒక దస్తావేజు దొరికింది. 1936 నాటి దత్తత పత్రం. ఏడేళ్ల తాతయ్యను ఆయన కన్నతండ్రి తూర్పు గోదావరి జిల్లాలోని ఒక గ్రామం నుంచి ఈ కుటుంబానికి దత్తత ఇచ్చినట్టు అందులో ఉంది. ఇంటిపేరు వేరు. గోత్రం రాసిన చోట కాగితం మడత దగ్గర చిరిగిపోయింది. తాతయ్య ఏటా ఒకసారి ఒంటరిగా ఆ వైపు వెళ్లి వచ్చేవారట. ఎవరింటికో ఎప్పుడూ చెప్పలేదు. ‘నేను గీసిన చెట్టులో తాతయ్యకు పైన ఉన్న కొమ్మలేవీ మావి కావని ఇప్పుడు తెలిసింది’ అని రాశారు.

అంతటితో అయితే ఉత్తరం రాసేవారు కాదేమో. వాళ్ల అమ్మాయి తనతో పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయి, మాటలు అయిపోయాయి, లగ్నపత్రిక రాయాల్సి ఉంది. దస్తావేజులో ఉన్న ఇంటిపేరూ, ఆ అబ్బాయి ఇంటిపేరూ ఒక్కటే. ‘మాది నల్గొండ వైపు’ అని వియ్యాలవారు చెప్పారు. గోత్రాలు వేరని ముందే చూసుకున్నారు కానీ, అది దత్తత వచ్చిన ఇంటి గోత్రంతో పోల్చి చూసింది.

నాన్నగారికి (72 ఏళ్లు) కాగితం చూపిస్తే కోపంతో ఊగిపోయారు. ‘చచ్చిపోయిన మనిషిని వీధిలోకి లాగుతావా? దాన్ని కాల్చెయ్యి. దాయాదులకు తెలిస్తే పొలం మీదకు వస్తారు’ అన్నారు. అప్పటి నుంచి సరిగా మాట్లాడటం లేదు. అమ్మాయికి ఇంకా ఏమీ తెలియదు. పెళ్లి సంగతి ఏం చేయాలి, నాన్నగారికి తెలియకుండా వెతకవచ్చా, డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోతుందా, అసలు ఈ ఇంటిపేరు మాదని చెప్పుకోవచ్చా అన్నవి ఆయన ప్రశ్నలు.

* * *

మీ ఉత్తరంలో మూడు వేరు వేరు విషయాలు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. అమ్మాయి పెళ్లికి అడ్డు ఉందా లేదా అన్నది ఒకటి. మీ నాన్నగారి భయం ఇంకొకటి. మీ ఇంటిపేరు మీదేనా అన్న మీ మనసులోని బాధ మూడోది. వీటిలో మొదటిదానికే గడువు ఉంది. దానికి జవాబు దొరకడం మీరు అనుకుంటున్నంత కష్టం కూడా కాదు. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఇంటిపేరు ఒకటైతే కుటుంబం ఒకటే అవ్వాలని లేదు. ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఇన్నాళ్లు వెతికారు కాబట్టి. కానీ టెన్షన్‌లో ఉన్నప్పుడు తెలిసిన సంగతే గుర్తుకు రాదు. దస్తావేజులోని ఇంటిపేరు ఒక ఊరి పేరు మీద వచ్చిందని మీరే రాశారు. ఊరి పేరు ఇంటిపేరుగా ఎప్పుడు అంటుకుంటుంది? ఆ ఊళ్లో ఉన్నంతకాలం అంటుకోదు. ఊరు వదిలి ఇంకోచోట స్థిరపడ్డాక, అక్కడివాళ్లు ‘ఫలానా ఊరివాళ్లు’ అని పిలవడం మొదలుపెడితే, అది రెండు మూడు తరాలకు ఇంటిపేరై కూర్చుంటుంది. బెజవాడ గోపాలరెడ్డి గారు నెల్లూరు జిల్లా మనిషి. కందుకూరి వీరేశలింగం గారు పుట్టింది రాజమండ్రిలో. గురజాడ ఊరు కృష్ణా జిల్లాలో ఉంటే, గురజాడ అప్పారావు గారు బతికింది విజయనగరంలో. ఒకే ఊరి నుంచి వేరు వేరు కాలాల్లో, వేరు వేరు కులాలవాళ్లు, ఒకరికొకరు ఏమీ కానివాళ్లు నలుదిక్కులకూ వెళ్లి ఉంటారు. వాళ్లందరికీ ఒకే ఇంటిపేరు వచ్చి ఉంటుంది. అలాంటి పేరు కోనసీమలో ఒక ఇంట్లో, నల్గొండలో ఒక ఇంట్లో కనిపించడంలో వింతేమీ లేదు. అలాగని సంబంధం లేదని నేను చెప్పేయను. ఉందేమో చూడటానికి ఏం చూడాలో చెబుతాను.

1955 నాటి హిందూ వివాహ చట్టం ఇంటిపేరును లెక్కలోకి తీసుకోదు. గోత్రాన్నీ తీసుకోదు, సగోత్ర వివాహాలకు చట్టపరమైన అడ్డంకి 1946లోనే తొలగిపోయింది. చట్టం చూసేది సపిండ సంబంధాన్ని. తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు, పెళ్లి చేసుకునే మనిషిని ఒకటో తరంగా లెక్కపెట్టి పైకి వెళ్లాలి. రెండు వైపులా ఈ హద్దు లోపల ఒకే పూర్వీకుడు తగిలితే వాళ్లు సపిండులు. ఇద్దరి కుటుంబాల ఆచారమూ ఒప్పుకుంటే తప్ప ఆ పెళ్లి చెల్లదు. మనవైపు మేనరికాలు నిలబడుతున్నది ఆ ఆచారం మినహాయింపు మీదనే. దాయాదుల మధ్య పెళ్లికి మాత్రం అలాంటి ఆచారం చూపించడం చాలా కష్టం.

ఇప్పుడు వేళ్లు మడవండి. మీ అమ్మాయి ఒకటి. మీరు రెండు. నాన్నగారు మూడు. తాతయ్య నాలుగు. తాతయ్యను కన్న తండ్రి, అంటే దస్తావేజులో బిడ్డను ఇచ్చిన వ్యక్తి, ఐదు. అక్కడితో మీవైపు లెక్క ఆగిపోతుంది. అబ్బాయి వైపు అబ్బాయి ఒకటి, తండ్రి రెండు, తాత మూడు, ముత్తాత నాలుగు, ముత్తాత తండ్రి ఐదు. కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ దస్తావేజులో బిడ్డను ఇచ్చిన ఆ మనిషి, ఆ అబ్బాయికి ముత్తాతో, ముత్తాత తండ్రో అవుతాడా? ఆయన కాకుండా ఆయన తండ్రి దగ్గరో, తాత దగ్గరో కలిస్తే అది ఆరో తరం, ఏడో తరం. చట్టం హద్దు దాటిపోయినట్టే.

అంటే మీకు కావలసింది వంశ చరిత్ర మొత్తం కాదు. అబ్బాయి తండ్రి, తాత, ముత్తాత, వీలైతే ఆయన తండ్రి పేర్లు, వాళ్లు పుట్టిన ఊళ్లు. వీటిలో మూడు తరాల పేర్లు పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు పురోహితుడికి ఎలాగూ ఇవ్వాల్సినవే. లగ్నపత్రిక రాసేముందు వాటిని అడిగితే ఎవరూ తప్పుపట్టరు. వాళ్లు నాలుగైదు తరాలుగా నల్గొండ వైపే ఉన్నట్టు తేలి, మీ దస్తావేజులోని పేరు అక్కడ ఎక్కడా లేకపోతే, ఈ చట్టం లెక్క ప్రకారం అడ్డు లేనట్టే.

దత్తత వెళ్లాక ఆ రక్తంతో సంబంధం తెగిపోయినట్టే కదా అని మీ తమ్ముడు అన్నారని రాశారు. ఆస్తి విషయంలో ఆ మాట నిజం. పెళ్లి విషయంలో కాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఈ మాట స్పష్టంగానే చెప్పింది: దత్తత వెళ్లిన బిడ్డ, పుట్టిన ఇంట్లోనే ఉండి ఉంటే ఎవరిని పెళ్లాడకూడదో, దత్తత వెళ్లాక కూడా వాళ్లను పెళ్లాడకూడదు. మీ తాతయ్య దత్తత అంతకు ముందుది కాబట్టి దానికి పాత హిందూ ధర్మశాస్త్రమే వర్తిస్తుంది, అక్కడా ఇదే పద్ధతి. సపిండ సంబంధం చూసేటప్పుడు వివాహ చట్టం రక్త సంబంధాన్నీ లెక్కపెడుతుంది, దత్తత సంబంధాన్నీ లెక్కపెడుతుంది. అందుకని రెండు ఇళ్ల గోత్రాలూ, రెండు ఇళ్ల తరాలూ చూసుకోవాలి. మీరు ఇంతవరకు ఒక ఇంటిదే చూశారు.

ఆ చిరిగిన మడత గురించి. ముందుగా ఒక పని చేయండి: కాగితాన్ని తిప్పి వెనకవైపు చూడండి. రిజిస్టరైన దస్తావేజు అయితే వెనక సబ్ రిజిస్ట్రార్ ముద్ర, దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ పుస్తకంలో ఏ సంపుటంలో ఏ పుటల్లో ఎక్కించారో రాసి ఉంటాయి. రాసిచ్చినవాళ్ల సంతకాలో, వేలిముద్రలో కూడా అక్కడ ఉంటాయి. ఆ వివరాలు ఉంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నకలుకు దరఖాస్తు పెట్టవచ్చు. మీ చేతిలో ఉన్న కాగితం చిరిగినా, పుస్తకంలో ఎక్కించిన ప్రతి నిక్షేపంగా ఉండవచ్చు. అందులో గోత్రం చదవవచ్చు. భూమి ప్రస్తావన లేని దత్తత పత్రాలు నాలుగో పుస్తకంలో ఎక్కుతాయి. ఒకటో పుస్తకంలోని భూమి దస్తావేజుల నకలు ఎవరైనా తీసుకోవచ్చు కానీ, నాలుగో పుస్తకం నకలు రాసిచ్చినవాళ్లకూ, ఆ దస్తావేజు ద్వారా హక్కు పొందినవాళ్లకూ మాత్రమే ఇస్తారు. మీరు దత్తపుత్రుడి మనవడు. తాతయ్య మరణ ధ్రువపత్రం, నాన్నగారితో, తాతయ్యతో మీ సంబంధం చూపే కాగితాలు పట్టుకెళ్లండి. పాత సంపుటాలు జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయానికి చేరి ఉండవచ్చు. 2022లో జిల్లాలు మారాయి కాబట్టి, దస్తావేజులో తూర్పు గోదావరి అని ఉన్న ఊరు ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉండవచ్చు, కాకినాడ జిల్లాలో ఉండవచ్చు. ఊరి పేరుతో అడగండి, జిల్లా పేరుతో కాదు.

తేదీని కూడా ఒకసారి సరిచూసుకోండి. ‘యువ నామ సంవత్సర మాఘ మాసం, ఫసలీ 1345’ అని ఉందని రాశారు. ఫసలీ అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం, దానికి 590 కలిపితే 1935. ఆ ఫసలీ 1935 జులైలో మొదలై 1936 జూన్‌తో ముగుస్తుంది. యువ సంవత్సరం కూడా 1935 ఉగాది నుంచి 1936 ఉగాది వరకే. మాఘం అంటే 1936 మొదటి నెలలు. రెండూ సరిపోయాయి, మీ లెక్క కరెక్టే. సంవత్సరం పేరు ఒక్కటే ఉండి ఫసలీ లేకపోతే అదే పేరు అరవై ఏళ్ల ముందుదీ కావచ్చు. చాలామంది ఇక్కడే ఒక తరం, రెండు తరాలు తప్పుతారు. అబ్బాయి వైపు పాత కాగితాలు చూడాల్సి వస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

గొలుసుకట్టు రాత చదవడం కష్టంగా ఉందన్నారు. ఊహించి చదవకండి. ఒక అక్షరం తప్పు చదివితే ఇంటిపేరే మారిపోతుంది, మీ భయమంతా అబద్ధమని తేలే అవకాశం కూడా లేకపోలేదు. పాత కరణాల కుటుంబాల్లో పెద్దవాళ్లు, రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన దస్తావేజు లేఖరులు ఆ రాత గడగడా చదువుతారు. ఇద్దరి చేత విడివిడిగా చదివించండి. ఒకరు చదివింది రెండోవారికి చెప్పకండి. సాక్షుల పేర్లు కూడా వదలకుండా చదివించండి. దత్తత పత్రం మీద సాక్షి సంతకం పెట్టేది దారినపోయేవాళ్లు కాదు. మేనమామలు, పెదనాన్నలు, ఊరి పెద్దలు పెడతారు. బిడ్డను ఇచ్చిన కుటుంబం ఏదో గుర్తుపట్టడానికి ఆ పేర్లు పనికొస్తాయి.

ఇక డీఎన్‌ఏ. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోమ్ పరీక్షతో ఇద్దరు మగవాళ్లది ఒకే మగ వరుసా అని చాలావరకు చెప్పవచ్చు. కానీ మీకు కావలసింది ఎన్ని తరాల వెనక కలుస్తారన్నది. ఐదో తరమా, పదో తరమా అని ఆ పరీక్ష తెగేసి చెప్పలేదు. పైగా అబ్బాయి తరఫున ఎవరో ఒక మగవాళ్లు నమూనా ఇవ్వాలి. కారణం చెప్పకుండా అడగలేరు, చెప్పకుండా తీసుకోకూడదు. మీకు ఇప్పుడు అది అక్కర్లేదు. పిల్లల ఆరోగ్యం గురించి లోపల బెంగ ఉంటే ఈ లెక్క చూడండి: ముత్తాత తండ్రి దగ్గర కలిసే ఇద్దరి మధ్య ఉమ్మడిగా వచ్చే జన్యువులు సగటున ఒక శాతం కన్నా తక్కువ. మేనరికం చేసుకున్న బావామరదళ్ల మధ్య అది పన్నెండున్నర శాతం. మనవాళ్లు మేనరికాలకు వెనుకాడలేదు. ఇక్కడ అసలు చిక్కు వరసది, చట్టానిది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఒకటి, నాన్నగారు చెప్పినట్టు కాగితం మూసేసి పెళ్లి జరిపించడం. ఇంటిపేరు కేవలం కాకతాళీయమే అయితే ఏమీ కాదు. కాకపోతే, అబ్బాయి వైపు ఏ పెద్దాయనో ‘మా చిన్నతాతను కృష్ణా జిల్లాకు దత్తత ఇచ్చారు’ అని ఎప్పుడో అంటాడు. అప్పటికి పెళ్లయి ఉంటుంది, పిల్లలుంటారు, ఆ పెళ్లి చట్టం ముందు చెల్లుతుందా అన్న ప్రశ్న వస్తుంది. అన్నీ తెలిసి దాచారని తేలితే మీ అమ్మాయి మిమ్మల్ని అడగబోయే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు. నేనైతే ఈ దారి పట్టనివ్వను.

రెండోది, ఎవరికీ చెప్పకుండా మీరే ఆరా తీసి, తేలాక చెప్పడం. మీ మనసు దీనివైపే మొగ్గుతున్నట్టు ఉత్తరం చూస్తే తెలుస్తోంది. కొంతవరకు న్యాయమే. దస్తావేజు చదివించడం, నకలు తీసుకోవడం మీ ఇంటి పని, మీరు చేసుకోవచ్చు. కానీ వియ్యాలవారి ఊరికి వెళ్లి చాటుగా అడగడం మొదలుపెడితే, ఆ మాట వాళ్ల చెవిన పడటానికి ఎంతోసేపు పట్టదు. అబ్బాయి గుణగణాల మీద వాకబు చేస్తున్నారనుకుంటారు. సంబంధం అక్కడే చెడుతుంది, కారణం కూడా తప్పుడుదే అవుతుంది.

మూడోది, అమ్మాయికి ముందు చెప్పడం. ఆమె ఇరవై మూడేళ్ల పిల్ల, ఉద్యోగం చేస్తోంది, ఈ పెళ్లి ఆమెది. ‘తాతయ్య కాగితం ఒకటి దొరికింది, అందులో ఈ ఇంటిపేరు ఉంది, ఇది మనవాళ్లేనా కాదా అన్నది ఒక్క పేరు సరిచూస్తే తేలుతుంది’ అని ఆ కాగితం ముందు పెట్టి, వేళ్ల మీద తరాలు లెక్కపెట్టి చూపించండి. ఏడుస్తుందేమో. కోప్పడుతుందేమో. అయినా ఆ తర్వాత అబ్బాయిని వాళ్ల ముత్తాత పేరు అడగడం ఆమెకు ఒక్క ఫోన్ కాల్ పని. ఇందులో ఉన్న కష్టమల్లా, విషయం తేలేవరకు ఇద్దరు పిల్లలు కొన్నాళ్లు నలిగిపోతారు. ఆ తర్వాత పెద్దవాళ్ల మధ్య మాట రావాలా వద్దా అన్నది తేలిన ఫలితాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు. నాకు ఇది మేలనిపిస్తోంది. కానీ మీ అమ్మాయి మనస్తత్వం మీకు తెలుసు, నాకు తెలియదు. నకలు చేతికొచ్చాక చెబుదామనిపిస్తే అదీ తప్పు కాదు. లగ్నపత్రిక రాయడం దాటి మాత్రం ఆపకండి.

ఒకవేళ పేరు కలిస్తే? అప్పుడు ముందు కలవాల్సింది పురోహితుడిని కాదు, కుటుంబ వివాదాలు చూసే లాయర్‌ని. ఆచారం మినహాయింపు మీకు వర్తిస్తుందా, సపిండ నియమం లేని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకునే వీలుందా అన్నవి కాగితాలన్నీ ముందుపెట్టి మాట్లాడాల్సిన సంగతులు. చట్టం దారి ఇచ్చినా, అన్నాచెల్లెళ్ల వరస అవుతుందని రెండు వైపులా పెద్దవాళ్లు బాధపడవచ్చు. ఆ బాధ చిన్నదని నేను అనను. దాన్ని మోయాలా వద్దా అన్నది ఆ ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. వాళ్ల తరఫున మీరు ముందే తీర్పు రాసేయకండి.

మీ నాన్నగారి దగ్గరికి వస్తాను. ఆయన కోపాన్ని మొండితనంగా రాశారు మీరు. నాకు అందులో రెండు వేరు వేరు భయాలు వినిపించాయి. పొలం భయానికి జవాబు సులువు. దత్తత వెళ్లిన కొడుక్కి వెళ్లిన ఇంట్లో కొడుకు హక్కులన్నీ ఉంటాయి. దత్తత చెల్లదని దావా వేయాలంటే 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, ఆ దత్తత గురించి తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. దాయాదుల ముందే జరిగిన దత్తత మీద ఇన్నేళ్లకు లేచి మాట్లాడటానికి ఏమీ మిగలదు. ఇంకో మాట, ఆ కాగితమే మీ హక్కుకు రుజువు. ముప్పై ఏళ్లు దాటిన పత్రం ఉండాల్సిన చోట నుంచే వచ్చిందని తేలితే, దాన్ని నిజమైనదిగానే తీసుకునే వీలు కోర్టుకు ఉంది. దత్తపుత్రుడి పెట్టెలో దొరికిన దత్తత పత్రానికి అంతకన్నా సరైన చోటు ఏముంటుంది? దాన్ని కాల్చితే మీ చేతిలో ఉన్న సాక్ష్యాన్ని మీరే కాల్చుకున్నట్టు. ఈ మాట నాన్నగారికి నెమ్మదిగా చెప్పండి, అవసరమైతే ఆయన నమ్మే లాయర్ చేత చెప్పించండి. కాగితాన్ని మాత్రం లామినేషన్ చేయించకండి, సెల్లో టేపు అంటించకండి, రెండూ పాత కాగితాన్ని పాడుచేస్తాయి. పగటి వెలుతురులో రెండువైపులా ఫోటో తీసి, మడత విప్పి, శుభ్రమైన కాగితపు కవరులో పెట్టండి.

రెండో భయం పొలం కన్నా లోతుది. డెబ్బై రెండేళ్ల మనిషికి తన తండ్రి ఎవరి కొడుకో కొత్తగా చెబుతున్నారు మీరు. లేదా, మీ కన్నా ఆయనకే ముందు తెలుసు. తాతయ్య ఏటా ఒక్కరే వెళ్లి వచ్చేవారన్నారు కదా. ఏడేళ్ల పిల్లవాడికి తల్లి ముఖం గుర్తుంటుంది, ఇంటి గుమ్మం గుర్తుంటుంది. ఆ రాకపోకలు మీ నాన్నగారి చిన్నతనంలోనూ జరిగి ఉండాలి. తండ్రి ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండా ఏ కొడుకూ అన్నేళ్లు ఉండడు. నాన్నగారు ఈ రహస్యాన్ని తండ్రి కోసం మోశారేమో ఆలోచించండి. అదే నిజమైతే, మీరు కాగితం చూపించినప్పుడు ఆయనకు కనిపించింది తండ్రికి ఇచ్చిన మాట చెదిరిపోవడం.

అందుకే, ఆయనకు తెలియకుండా వెతకవచ్చా అన్న మీ ప్రశ్నకు ఇలా చెబుతాను. పెళ్లికి సంబంధించినంత మేరకు వెతకడానికి ఆయన అనుమతి అక్కర్లేదు. అది మీ అమ్మాయి జీవితం. ఆ మాట ఆయనకు చెప్పి మరీ చేయండి. అంతకు మించి తాతయ్య పుట్టిన ఊరు వెళ్లడం, అక్కడి బంధువులను కలవడం, వంశవృక్షం మార్చి మళ్లీ పంచడం, వీటికి తొందర లేదు. అవి నాన్నగారి మనసు కుదుటపడ్డాక ఆయనతో కలిసి చేయండి. దస్తావేజు పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చోకండి. తాతయ్య గురించి అడగండి. ఎప్పుడు వెళ్లేవారు, వస్తూ ఏం తెచ్చేవారు, వచ్చాక ఎలా ఉండేవారు అని. చెబితే వినండి. చెప్పకపోతే ఆ రోజుకు వదిలేయండి.

ఈ ఇంటిపేరు మాదని చెప్పుకోవచ్చా అని అడిగారు. ఎందుకు చెప్పుకోకూడదు? మీ తాతయ్య ఆ పేరుతో బడికి వెళ్లారు, ఆ పేరుతో పొలం దున్నారు, ఆయనను పెంచినవాళ్లకు ఆ పేరుతోనే తలకొరివి పెట్టి తద్దినాలు పెట్టారు. బిడ్డలు లేని ఇంట్లో ఆ పేరు నిలిచిందంటే ఆయన వల్లే నిలిచింది. మీరు గీసిన చెట్టులో పై కొమ్మలు మీవి కావన్న మాటను నేను ఒప్పుకోను. ఆ కొమ్మలు ఆయన్ను కొడుకుగా కోరి తెచ్చుకున్నాయి. మీరు చేయాల్సిందల్లా తాతయ్య పేరు దగ్గర ఇంకో గీత చేర్చడం. కన్నవాళ్ల వైపు ఒకటి, పెంచినవాళ్ల వైపు ఒకటి. కన్న గీతను చుక్కలతో వేస్తారో, రంగు మారుస్తారో మీ ఇష్టం. రెండూ ఉండాలి.

ఆ రెండో గీతను పైకి తీసుకువెళ్లాలనిపించిన రోజున కొన్ని సంగతులు పనికొస్తాయి. ఇంటిపేరు వెంట పరుగెత్తకండి, మనుషుల వెంట వెళ్లండి. ఇంటిపేరు ఎలా వచ్చిందన్న కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, సాధారణంగా ఏ రాజో ఇచ్చాడనే ఉంటాయి. వాటిని రాసుకోండి కానీ రుజువుగా పెట్టుకోకండి. పాత అమ్మకం దస్తావేజుల్లో చెక్కుబందీ చదవండి. తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరి భూమి అని రాసే ఆ నాలుగు వాక్యాలను అందరూ దాటేస్తారు. అన్నదమ్ములు పంచుకున్న పొలం పక్కపక్కనే ఉంటుంది, కాబట్టి హద్దుల్లో అదే ఇంటిపేరుతో కనిపించే మనిషి చాలాసార్లు దాయాదే అవుతాడు. ఆ కుటుంబానికి ఈనాం భూమి, అంటే శిస్తు లేకుండానో తగ్గించో పాలకులు ఇచ్చిన భూమి, ఉండి ఉంటే మీ అదృష్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏర్పడిన ఈనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లలో అనుభవదారు పేరు, వయసు, మొదట ఈనాం పొందిన మనిషితో చుట్టరికం కూడా ఉంటాయి. ఆ ఒక్క పుటతో రెండు మూడు తరాలు దొరకవచ్చు. కల్నల్ మెకంజీ సేకరించిన కైఫియత్తులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, చూడమని చాలామంది చెబుతారు. ఊరి చరిత్రకు అవి బంగారమే. కానీ వాటిలో గుళ్లు, కరణాలు, పాలకుల ప్రస్తావనే ఎక్కువ, మామూలు రైతు కుటుంబం పేరు కనిపిస్తుందని ఆశపడకండి. గ్రామాధికారుల వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు ఊళ్లోని జనన మరణ రిజిస్టర్లు చేతులు మారాయి. కొన్ని మండల కార్యాలయాల్లో ఉన్నాయి, కొన్ని చెదల పాలయ్యాయి. వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. మీ వాళ్లు ఎవరైనా కాశీ, గయ వెళ్లి పిండప్రదానం చేసి ఉంటే అక్కడి తీర్థ పురోహితుల బహీల్లో, అంటే యాత్రికుల పేర్లు రాసుకునే పుస్తకాల్లో, వాళ్ల చేతిరాతతో పేర్లు ఉండవచ్చు. అయితే తాతయ్య పుట్టింటివాళ్లవి ఏ ఊరి పేరు కింద ఉన్నాయో ముందు తెలుసుకుని వెళ్లండి.

ఈ కాగితాలన్నిటికన్నా ముందు అడగాల్సిన మనిషి ఒకరున్నారు. మీ ఉత్తరంలో ఒక్క చోట, అదీ వంశవృక్షం ప్రింటు ఎవరెవరికి ఇచ్చారో చెబుతూ, మేనత్త మచిలీపట్నంలో ఉంటారని రాశారు. ఆమెను ఏమైనా అడిగినట్టు రాయలేదు. మీ చెట్టులో ఏడు తరాల మగవాళ్ల పేర్లు ఉన్నాయి, ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి. దత్తతలు, మారు పెళ్లిళ్లు, పురిట్లో పోయిన బిడ్డలు, ఇవన్నీ ఇంటి ఆడపడుచులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. మీ నానమ్మ తన కోడలికి చెప్పని మాట కూతురికి చెప్పి ఉంటుంది. ఈ ఆదివారం వెళ్లండి. దస్తావేజు ఇంట్లోనే ఉంచి, ఫోన్‌లో ఫోటో పెట్టుకుని వెళ్లండి. ఆమె తనంతట తాను ఆ ఊరి పేరు ఎత్తేవరకు మీరు ఎత్తకండి. అప్పుడు ఆమె చెప్పేది మీరు అందించిన మాట కాకుండా, ఆమెకు తెలిసిన మాట అవుతుంది. ఆ ఊళ్లో తాతయ్య తోబుట్టువులు ఎంతమంది, వాళ్లలో ఎవరైనా తెలంగాణ వైపు వెళ్లారా అన్నది ఆమెకు గుర్తుంటే, పెళ్లి ప్రశ్నకు రిజిస్ట్రార్ ఆఫీసు నకలు కన్నా ముందే జవాబు దొరకవచ్చు.